గ్లెనిస్ టీచర్ దాటవేసిన పాఠం

ఆస్ట్రేలియాలో గోధుమచేల మధ్య ఉన్న హోప్‌టౌన్ ఊరి బడిలో గ్లెనిస్ టీచర్ ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు వంట, కుట్టుపని నేర్పుతూ వచ్చింది. ఆ ఊళ్లో ఇవాళ ఏ కుర్రవాడైనా తన చొక్కాకు ఊడిన గుండీ తనే కుట్టుకోగలుగుతున్నాడంటే అది ఆవిడ చలవే. మనిషి పొట్టి, మాట గట్టి. భర్త లయల్ గోధుమ రైతు. పిల్లలిద్దరూ పెళ్లిళ్లయి మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డారు. ఆవిడకు అప్పటికి యాభై రెండేళ్లు.

డిసెంబరులో, బడి మూసే వారం, ప్రిన్సిపాల్ నోయలీన్ ఆవిడ తరగతికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. నోయలీన్ కూర్చుందంటే ఏదో అంటగట్టడానికే.

"గ్లెన్, సైకాలజీ చెప్పే అనెలీస్ వెళ్లిపోతోంది, తెలుసుగా. మొగుడికి టాస్మేనియాలో ఉద్యోగమొచ్చిందట."

"తెలుసు. వీడ్కోలు కేకు చేసింది నేనే కదా."

"పన్నెండో తరగతిలో ఆ సబ్జెక్టు తీసుకున్నవాళ్లు పదకొండు మంది ఉన్నారు. నీ డిగ్రీలో సైకాలజీ ఉంది."

"ఉంది, ముప్పై ఏళ్ల కిందట. అప్పటికి మెదడు కనిపెట్టారో లేదో కూడా నాకు గుర్తు లేదు."

"నువ్వు కాదంటే ఆ పిల్లలు ఏడాదంతా తెర ముందు కూర్చుని, ఎక్కడో ఉన్న టీచర్ ముఖం చూస్తూ చదువుకోవాలి. చివరి ఏడాది, పెద్ద పరీక్ష. సెలవులు ఆరు వారాలున్నాయి. నీకవి చాలు."

"ఆరు వారాల్లో నేను నేర్చుకుని, వాళ్లకు నేర్పాలా?"

"నువ్వు కాబట్టి అడుగుతున్నా" అని నోయలీన్ లేచి, బల్ల మీదున్న స్కోన్ బన్ను ఒకటి నోట్లో వేసుకుని వెళ్లిపోయింది. అంటే గ్లెనిస్ అప్పటికే ఒప్పుకున్నట్టే లెక్క.

గ్లెనిస్‌కు భయం పట్టుకుంది. సబ్జెక్టు కష్టమని కాదు. ఆవిడ భయం వేరు. దాన్ని ఎవరితోనూ చెప్పుకోలేదు.

అక్కడి చలికాలమైన జూలైలో చలి ముదిరినప్పటి నుంచి ఆవిడ మతి మునుపటిలా పనిచేయడం లేదు. నాలుక చివరి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయేది. తరగతిలో, "ఆ... నీళ్లు వంచుతామే, చిల్లుల గిన్నె, దాన్నివ్వు" అని చేతులు ఊపాల్సి వచ్చింది. కారు తాళాలు బఠానీల సంచీతో పాటు ఫ్రీజర్లో దొరికాయి. ఒకసారి లయల్‌ని కుక్క పేరుతో పిలిచింది. ఆయన నవ్వి, "పర్లేదు, కుక్కను నా పేరుతో పిలిచుంటే అది బాధపడేది" అన్నాడు. ఆవిడా నవ్వింది గానీ, తర్వాత స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఎందుకంటే ఆవిడ తల్లి ఇల్మా కథ కూడా ఇలాగే మొదలైంది. ఇల్మా నలభై ఏళ్లు లూథరన్ చర్చిలో ఆర్గాన్ వాయించింది. ఒక ఆదివారం, అప్పుడే పాడి ముగించిన కీర్తననే మళ్లీ మొదలుపెట్టింది. జనం నవ్వుకున్నారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత తొమ్మిదేళ్లు మతిమరుపు జబ్బు ఆమెను కొంచెం కొంచెంగా తినేసింది. చివరి రెండేళ్లూ గ్లెనిస్‌ని నర్సనుకునేది. "మీకు పిల్లలున్నారా, అమ్మా?" అని మర్యాదగా అడిగేది.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు, కోతలు జోరుగా సాగుతుండగా, గ్లెనిస్ లయల్‌కు భోజనం పట్టుకెళ్లింది. చల్లటి మాంసం పెట్టిన రొట్టెలు, ఫ్లాస్కులో టీ. రోజూ వెళ్లే దారే. కానీ బండి ఆపి చూసేసరికి గేటుకు ఎవరిదో కొత్త తాళం ఉంది. అది వాళ్లు ఏడేళ్ల కిందట అమ్మేసిన చేను. హార్వెస్టర్ లేదు, లయల్ లేడు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. బయట నలభై రెండు డిగ్రీల ఎండలో ఆవిడకు మాత్రం చలి పుట్టింది. తర్వాత బండి తిప్పుకుని అసలు చేనికి వెళ్లి, "రొట్టె కాలడం ఆలస్యమైంది" అని అబద్ధమాడింది.

పండగ అయిపోయాక, అనెలీస్ వదిలి వెళ్లిన రెండు పుస్తకాల అట్టపెట్టెలూ వంటింటి బల్ల మీదికి ఎక్కాయి. రోజూ పొద్దున ఆరింటికి కూర్చునేది. పదకొండు దాటితే కూలర్ కూడా చేతులెత్తేసే వేడి. పుస్తకం చదవడం, ముఖ్యమైన ముక్క ఒక అట్టముక్క మీద రాసుకోవడం, వెనక వైపు ప్రశ్న రాయడం. వారం తిరిగేసరికి నూట ఎనభై అట్టముక్కలయ్యాయి. నిజం చెప్పాలంటే ఆవిడకు చదువు రుచించింది. అలవాటు మీద పాఠం చదువుతుంటే కిటికీలోంచి కోళ్లు కనపడ్డాయి. మేత బకెట్ చూస్తే చాలు, అందులో మేత ఉన్నా లేకున్నా అవి పరిగెత్తుకొస్తాయి. వెంటనే దాన్ని ఉదాహరణగా రాసుకుంది. అంతలో కెటిల్ కూసింది. పెరట్లో ఎక్కడున్నాడో, లయల్ తలుపు తోసుకుని వచ్చాడు.

"నీకిప్పుడు టీ కావాలా?" అంది.

"అనుకోలేదు. కూత వినపడింది, వచ్చాను."

అది రెండో ఉదాహరణ అయింది.

అన్నీ సాగుతున్నాయి గానీ జ్ఞాపకశక్తి పాఠం దగ్గర బండి ఆగిపోయింది. అందులో చివరి ఐదు పేజీలు అల్జీమర్స్ గురించి. పక్కపక్కనే రెండు మెదడు బొమ్మలు, ఒకటి నిండుగా, రెండోది ఎండిన అక్రోటుకాయలా ముడుచుకుపోయి. గ్లెనిస్ పుస్తకం మూసి, పైన తుడిచే గుడ్డ కప్పింది. మర్నాడు నిద్ర గురించిన పాఠానికి దూకింది. ఆ ఐదు పేజీలు ఆఖర్న చూద్దాంలే అనుకుంది. సెలవులు కరిగిపోతున్నా ఆ ఆఖరు మాత్రం రాలేదు.

జనవరి మొదటి వారంలో బ్రైడీ వచ్చింది. ఆ పదకొండు మందిలో ఒకతె, స్కూలు బస్సు నడిపే ఆవిడ కూతురు. మధ్యాహ్నాలు ఊరి ఈతకొలను దగ్గర టిక్కెట్లిస్తుంది. ముక్కు మీద చర్మం ఎండకు ఊడుతోంది. అంబులెన్సులో పనిచేయడానికి కావాల్సిన చదువు చదవాలని ఆ పిల్ల పట్టుదల.

"మిస్, సెలవుల హోంవర్క్ ఇచ్చేసి పోయారు అనెలీస్ మిస్. నాకు సగం అర్థం కాలేదు. మీకర్థమైందా?"

"ముప్పావు వంతు."

"అయితే మీరే నయం. కూర్చోనా?"

అలా వారానికి రెండు పొద్దులు ఆ పిల్ల బల్లకు అటువైపు కూర్చోవడం అలవాటైంది. ఒకరినొకరు ప్రశ్నలడుక్కునేవారు. గ్లెనిస్‌కు ప్రశ్నలు తయారుచేయడం ఇష్టం. ఒకరోజు, ఎందుకు రాస్తోందో తనకే తెలియకుండా, ఇలా రాసింది: 'యాభై ఏళ్లు దాటిన ఒక వ్యక్తి ఆరు నెలలుగా మాటలు మరచిపోతున్నాడు. వస్తువులు ఎక్కడ పెట్టాడో గుర్తుండటం లేదు. రాత్రులు సరిగా నిద్రపట్టదు. ఇతని గురించి ఏం చెప్పగలవు? నాలుగు మార్కులు.'

బ్రైడీ ఆలోచించకుండా బరబరా రాసిచ్చింది: 'ఇతనికి అల్జీమర్స్.'

గ్లెనిస్‌కు ఆ కాగితం మడిచి అవతల పెట్టేయాలనిపించింది. కానీ ఇరవై ఆరేళ్లు దిద్దిన చెయ్యి అది. ఎర్ర పెన్ను తీసి దాని మానాన అది రాసింది: 'రెండు మూడు లక్షణాలు చూసి తీర్పు చెప్పకూడదు. ఇంకే కారణాలు ఉండొచ్చు? తేల్చాల్సింది ఎవరు? ఒక మార్కు.'

"నాలుగుకి ఒకటా! ఇది అన్యాయం మిస్."

"మళ్లీ రాసుకురా."

గురువారం నాడు ఆ పిల్ల మళ్లీ రాసుకొచ్చింది. ఈసారి పేజీ నిండుగా ఉంది. నిద్రలేమి కావచ్చు, దిగులు కావచ్చు, రక్తం తక్కువ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, వాడుతున్న మందు కావచ్చు, జబ్బే కావచ్చు. పరీక్షలు చేయకుండా ఏదీ చెప్పలేం, ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

గ్లెనిస్ రెండుసార్లు చదివింది. "నాలుగుకి నాలుగు" అంది.

"కానీ మిస్, నాకొకటి అర్థం కాలేదు. ఈయన ఆరు నెలలుగా డాక్టర్ దగ్గరికి ఎందుకు పోలేదు?"

"భయపడుతున్నాడేమో."

"దేనికి?"

"ఏం చెప్తారోనని."

బ్రైడీ ముక్కు మీద పొర ఒకటి ఒలుచుకుంటూ, "అయితే మొద్దు మనిషి మిస్. చెప్పకపోతే మాత్రం జబ్బు పోతుందా? బాగయ్యేదే అయితే ఆర్నెల్లు వేస్టు కదా" అంది.

గ్లెనిస్ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బ్రైడీకి ఏమీ అర్థం కాక, ఇంకో బిస్కెట్ తీసుకుంది.

ఆ సాయంత్రం వరండాలో లయల్ బూట్లు విప్పుతుంటే పక్కన కూర్చుని, "లయల్, ఆ రోజు రొట్టె ఆలస్యం కాలేదు. నేను అమ్మేసిన చేనికి వెళ్లాను" అంది.

ఆయన రెండో బూటు విప్పడం ఆపాడు.

"తెలుసు" అన్నాడు. "హార్వెస్టర్ పైనుంచి నీ బండి దుమ్ము కనపడింది. అటు పోతోందేమిటా అనుకున్నా."

"మరి అడగలేదేం?"

"అడిగితే నిజమవుతుందేమోనని." ఆయన రెండో బూటు లాగేశాడు. "మీ అమ్మను చూశాం కదా, గ్లెన్. నాకూ భయమేసింది."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన భయమేసిందని చెప్పడం అదే మొదలు. ఇద్దరూ ఆరు నెలలు ఒకే మంచం మీద, ఒకే భయంతో, చెరోవైపు తిరిగి పడుకున్నారన్నమాట. అది తెలిశాక గ్లెనిస్‌కు సగం బరువు అక్కడే దిగింది.

మంగళవారానికి హార్షమ్ పట్నంలో డాక్టర్ ఎజే దగ్గర సమయం దొరికింది. నైజీరియా నుంచి వచ్చి పదేళ్లుగా అక్కడే ఉన్న ఆవిడ, నెమ్మదైన గొంతు. లయల్ బయట కూర్చున్నాడు. డాక్టర్ మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది. వందలోంచి ఏడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టించింది. తర్వాత కాగితం ముందుకు జరిపి, "గడియారం బొమ్మ గీయండి, పదకొండూ పది చూపిస్తూ" అంది.

గ్లెనిస్ పెన్సిలు తీసుకుంది. ఇల్మాను కూడా ఇలాగే గీయమన్నారు. ఆమె అంకెలన్నీ ఒకవైపే కుక్కి, బాగుందా అన్నట్టు తలెత్తి చూసింది. గ్లెనిస్ ముందు పన్నెండు వేసింది, దానికెదురుగా ఆరు, తర్వాత మూడు, తొమ్మిది. ముళ్లు గీసి పెన్సిలు కింద పెట్టి, కాగితం డాక్టర్ వైపు జరిపింది.

"నిద్ర ఎలా ఉంది?" అని అడిగింది డాక్టర్.

"తెల్లవారుజామున మెలకువొస్తే ఇక పట్టదు. మా ఆయన దుప్పటి తన్నేస్తాడు, నేను రెండు కప్పుకుంటాను."

"చలా? ఈ జనవరిలోనా?" డాక్టర్ పెన్ను ఆగింది. మెడ తడిమి చూసి, గోళ్లు చూసి, జుట్టు రాలుతోందా అని అడిగి, రక్తపరీక్షకు రాసింది. "గురువారం ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఏమీ ఊహించుకోవద్దు."

"అది నా చేతిలో ఉందా డాక్టర్?"

"లేదనుకోండి. అయినా చెప్పడం నా పని."

గురువారం పొద్దున గ్లెనిస్ కోళ్ల దగ్గర ఉండగా ఫోన్ మోగింది. లయల్ షెడ్డులోంచి పరుగున వచ్చాడు. మనిషి అంత వేగంగా కదలడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"మీ థైరాయిడ్ బాగా మందగించింది" అంది డాక్టర్. "ఎంతంటే, మీరు పాఠాలు చెప్పగలుగుతున్నందుకే ఆశ్చర్యపోవాలి. ఇనుము కూడా తక్కువే. దానికి తోడు నిద్ర లేదు. మతిమరుపు, చలి, నీరసం, వీటన్నిటికీ అవి చాలు. రోజూ పరగడుపున ఒక మాత్ర. కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది."

"మరి... అది?"

"మీ అమ్మగారి జబ్బా? మొన్నటి పరీక్షలో దాని జాడ నాకు కనపడలేదు. ముప్పైకి ఇరవై తొమ్మిది తెచ్చుకున్నారు. మూడు నెలలకు రండి, మళ్లీ చూద్దాం. జీవితాంతానికి పూచీ నేనివ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. ఇవాళ్టికి మాత్రం ఇది థైరాయిడే."

"ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయింది?"

"ఇవాళ తేదీ ఎంత అంటే చెప్పలేకపోయారు."

"సెలవుల్లో ఏ టీచర్‌కి తేదీ తెలుస్తుంది డాక్టర్?" అంది గ్లెనిస్. అవతల డాక్టర్ ఎజే నవ్వడం లయల్‌కు కూడా వినపడింది. ఆయన మేత బకెట్ బోర్లించి దాని మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. గ్లెనిస్ ఆయన తల మీద చెయ్యి వేసి నిలబడింది. కోళ్లు కాళ్ల చుట్టూ తిరిగాయి.

ఆ రోజు ఎండలోనే ఇద్దరూ ఊరి చెరువుకు వెళ్లి, బట్టలతోనే నీళ్లలో దిగారు. చూసినవాళ్లు ఏమనుకున్నారో గానీ, ఆ వేసవంతా అదే చెప్పుకుని ఉంటారు.

మర్నాడు పొద్దున ఆవిడ మాత్ర వేసుకుని, జ్ఞాపకశక్తి పాఠం తెరిచి, ఆ ఐదు పేజీలూ చదివింది. ముడుచుకుపోయిన మెదడు బొమ్మను చాలాసేపు చూసింది. తల్లి ఎందుకు అలా అడిగేదో, పాత పాట గుర్తుండి కూతురి పేరు ఎందుకు గుర్తుండలేదో, అన్నీ అందులో ఉన్నాయి. బాధ వేసింది. అది అమ్మ కోసం పడ్డ బాధ, అంతకు మించి ఏమీ కాదు. పన్నెండు అట్టముక్కలు రాసింది. ఆ పాఠం మేలో చెప్పాలి. పిల్లల ఇళ్లలో అవ్వాతాతలు ఉంటారు కాబట్టి మెల్లగా, రెండు రోజులు తీసుకుని చెప్పాలని అంచున రాసుకుంది.

జనవరి ఆఖరులో బడి తెరిచారు. మొదటి రోజు పదకొండు మందీ వచ్చారు. బ్రైడీ ముందు వరుసలో కూర్చుని, తక్కిన వాళ్లతో, "జాగ్రత్త, ఈవిడ నాలుగుకి ఒకటి వేస్తారు" అని హెచ్చరించింది. పాఠం మధ్యలో గ్లెనిస్‌కు ఒక పిల్లవాడి పేరు తట్టలేదు. ఇంతకుముందైతే ఒళ్లు చల్లబడేది. ఇప్పుడు, "నీ పేరు మర్చిపోయాను నాయనా, చెప్పు" అని అడిగేసింది. వాడు కాలెబ్ అన్నాడు, పాఠం ముందుకు సాగింది.

గంట మోగాక నోయలీన్ గుమ్మంలో ఎదురైంది. "ఎలా జరిగింది?"

"బాగానే. వచ్చే ఏడాది కూడా నేనే చెప్తాను, వేరేవాళ్లకి ఇవ్వకు."

"అబ్బో! డిసెంబరులో ఏడుపు ముఖం పెట్టావు."

"డిసెంబరులో నాకు ఒంట్లో బాగాలేదు" అంది గ్లెనిస్. "ఇప్పుడు ఆకలేస్తోంది. జరుగు, భోజనానికి పోవాలి."