మా బావ మోసిన పళ్ళెం

మొన్న మంగళవారం మా బావ పోయాడు. అక్క ఫోన్‌లో ఆ ఒక్క మాటా చెప్పి పెట్టేసింది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, రాతలో తప్పులుంటాయి. ఆయన విషయంలో మాత్రం తప్పు రాయను.

డెబ్బై తొమ్మిదిలో జెర్సీ సిటీ వచ్చాను. బావ తను పనిచేసే హోటల్లోనే నాకూ పని ఇప్పించాడు. నేను కింద సెల్లార్‌లో వైన్ పెట్టెలు మోసేవాణ్ణి, ఆయన పైన అతిథులకి పోసేవాడు. రుచి చూడాల్సి వస్తే పుక్కిలించి ఉమ్మేసేవాడు, చుక్క మింగేవాడు కాదు. బిరడా తీస్తే చప్పుడు వినపడేది కాదు. "అతిథి గ్లాసు మీద మన కన్నుండాలి గానీ నాలుక ఉండకూడదురా" అనేవాడు.

రెండేళ్ళకి ఆయన్ని సొమెలియే చేశారు. అంటే హోటల్ వైనంతటికీ పెద్ద. నాకు గర్వం ఆగలేదు. ఆదివారం మన తెలుగు చర్చిలో సాక్ష్యాల వేళ లేచి, బావకి ప్రమోషన్ ఇచ్చిన దేవుడికి స్తోత్రం చెప్పాను. ఏం పనో కూడా విడమరిచి చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

ప్రభువు బల్ల నాడు, అంటే ప్రభువు రక్తానికి గుర్తుగా అందరం ద్రాక్షరసం తీసుకునే రోజున, ఆ గ్లాసుల పళ్ళెం పట్టేది బావే. వారమంతా ఆయన ఎదురుచూసే పని అదొక్కటే. మద్యం పోసే చేత్తో ఆ పళ్ళెం పట్టకూడదని సంఘపెద్ద ఆ పని తీసేశాడు. బావ నన్ను తిట్టలేదు. "నీ నోటికి మైకు అక్కర్లేదురా బావమరిదీ" అన్నాడంతే.

మట్టలాదివారం ముందు సంఘం మీటింగ్‌లో సంఘపెద్ద బావని నేరుగా అడిగాడు.

"బ్రదర్, సొమెలియే అంటే తాగుబోతులకి సర్దారే కదా?"

"కాదండీ. గాడిదలు తోలేవాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. బావ నవ్వలేదు.

"పాత ఫ్రెంచి మాటండీ. బరువులు మోసే జంతువుల్ని తోలేవాణ్ణి అలా అనేవారట. తర్వాత రాజుగారి ప్రయాణాల్లో సామాను చూసేవాణ్ణి అన్నారు. ఆపైన తిండీ పానీయాలూ చూసేవాణ్ణి. చివరికి వైన్ ఒక్కటే మిగిలింది. నేను మోసేవాణ్ణండీ, తాగేవాణ్ణి కాదు."

"మోసేది మద్యమేగా?"

"హోటల్లో అవునండీ. ఆదివారం మట్టలు పట్టుకుని పాడబోతున్నాం కదా, ప్రభువు ఆరోజు పట్నంలోకి ఎక్కి వెళ్ళడానికి గుర్రాన్ని అడగలేదు. గాడిదనే అడిగాడు."

సంఘపెద్ద కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆదివారం పళ్ళెం మీరే పట్టండి బ్రదర్" అన్నాడు.

ఆ ఆదివారం బావ తెల్లచొక్కా వేసుకుని వరసల మధ్య నడిచాడు. పళ్ళెం నిండా చిన్న చిన్న గ్లాసులు, ఒక్కటీ గలగలమనలేదు. ముందు వరసలో సంఘపెద్ద దగ్గర ఆగి, హోటల్లో గొప్ప అతిథి ముందు వంగినట్టే కాస్త వంగాడు. సంఘపెద్ద చెయ్యి గ్లాసు దాకా వచ్చి ఆగింది. బావ తొందరపెట్టలేదు. ఆ చెయ్యి గ్లాసు అందుకునేదాకా అలాగే వంగి నిలబడ్డాడు.