ఉప్పా, చక్కెరా?

నిమ్మకాయ కోసినప్పుడల్లా నాకు కోర్టు గుర్తొస్తుంది. చెబితే నవ్వుతారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు మా వకీలమ్మను చూడలేదు. నిన్న మధ్యాహ్నం వంటింట్లో కాయ మీద కత్తి పెట్టగానే ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. సుబేదారిలో ఆమె ఇంటి ముందుగది, కిర్రుమని తిరిగే ఫ్యాను, గోడవారగా చెక్కబెంచీ, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి.

ఆమె పేరు మనోరమ. ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను ఎరుగను. డెబ్బైల చివర్లో, విడాకులనే మాట ఎత్తడానికే అందరూ మొహమాటపడే రోజుల్లో, నేతపని చేసుకునే మా కొత్తవాడ ఆడవాళ్లకు ఆమే దిక్కు. నేను వెళ్లింది నా బిడ్డ కోసం. నా భర్త సాంబయ్య భీవండి మరమగ్గాల్లో పనికి పోయి, అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడు. అతని మీద నాకు ఆశ ఎప్పుడో చచ్చిపోయింది. కానీ ఎనిమిదేళ్ల స్వరూప తన దగ్గరే ఉండాలని మా అత్త పట్టుబట్టింది. మనవరాలంటే ఆమెకు ప్రాణం, అది నిజం. జంపఖానాల మగ్గానికి నూలు కండెలు చుట్టే చేతులు కావాలన్నదీ నిజమే. నాకేమో పిల్ల బడికి పోవాలని ఉండేది.

మండుటెండలో పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను. నేను నోరు తెరవకముందే వకీలమ్మ నిమ్మకాయ కోసింది.

"ఉప్పా, చక్కెరా?"

"మీ ఇష్టమమ్మా."

ఆమె చెంచా బల్ల మీద పెట్టేసింది. "తాగేది నువ్వు. నా ఇష్టమేంది? జర ఆలోచించుకొని చెప్పు, నాకేం తొందర లేదు."

కష్టం చెప్పుకుందామని వస్తే నీళ్ల దగ్గరే ఈ పరీక్షేమిటని ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. చివరికి ఉప్పు అన్నాను. నా కొంగు పట్టుకుని కూర్చున్న స్వరూపకు మాత్రం ఆమె అడగకుండానే చక్కెర కలిపి ఇచ్చింది. పిల్ల మారుమాట్లాడకుండా గ్లాసు ఖాళీ చేసింది.

ఆ తర్వాతే ఆమె అసలు సంగతికి వచ్చింది. "మీ కులపోళ్లు పంచాయతీ పెడుతరు. అలవాటుగ నువ్వు 'పెద్దమనుషులు ఎట్లంటె అట్ల' అంటవు. ఆ ఒక్క మాటతోటి బిడ్డ చెయ్యి జారుతది. మర్యాద వేరే మాటల్ల చూపెట్టు. చదవని కాగితం మీద సంతకం పెట్టకు. పంచాయతీల తెగిందని ఊకోకు, రేపు కోర్టుల అది నిలవకపోవచ్చు. కోర్టు తీర్పు చేతికొచ్చినంకనే తెగినట్టు."

పంచాయతీ పెట్టనే పెట్టారు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "మీరు పెద్దలు, నాకు గౌరవమే. గని పిల్ల నా దగ్గరనే ఉంటది" అన్నాను. "దీనికి నోరెక్కడిది?" అంది మా అత్త. సుబేదారి నుంచి తెచ్చుకున్నానని ఆమెకేం తెలుసు.

ఇద్దరూ ఒప్పుకుని ఒకే దరఖాస్తు పెట్టుకునే పద్ధతి చట్టంలోకి అప్పుడప్పుడే వచ్చింది. సాంబయ్యకు ఆ రెండో ఆమెను పెళ్లి చేసుకోవాలని ఉంది, కాబట్టి పిల్ల విషయంలోనూ తలూపాడు. తండ్రి వచ్చి చూసిపోవచ్చని వకీలమ్మ పట్టుబట్టి రాయించింది. దరఖాస్తు పెట్టాక ఆరు నెలలు ఆగాలి. "ఈ గడువు పెట్టిందే ఆలోచించుకోనీకి. మనసు మారితే వచ్చి చెప్పు, సిగ్గుపడకు. పిల్ల ముంగట మాత్రం తండ్రిని తిట్టకు" అంది.

గడువు తీరాక మళ్లీ కోర్టుకు వెళ్లాం. జడ్జిగారు కళ్లద్దాల పైనుంచి చూసి, "పాపను ఏమైనా అడగాలా?" అన్నారు. వకీలమ్మ వెంటనే, "అవసరం లేదు సార్, తల్లీదండ్రీ ఇద్దరూ ఒప్పుకున్నారు" అంది. స్వరూప బయట వరండాలో కాళ్లూపుకుంటూ కూర్చుని ఉంది. మెట్లు దిగుతూ దాన్ని గట్టిగా హత్తుకున్నాను. ఆ రోజు నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

సాంబయ్య ఒకటి రెండు పండుగలకు వచ్చి చూసిపోయాడు, తర్వాత రాలేదు. నాయనమ్మ గురించి కాగితంలో ఎవరమూ రాయలేదు. ఆమె మా గడప తొక్కలేదు. స్వరూప ఎప్పుడూ ఎవరి గురించీ అడగలేదు. లంగా రంగు అడిగినా, ఏం వండమంటావని అడిగినా "నీ ఇష్టమమ్మా" అనేది. బుద్ధిమంతురాలని ఊరంతా మెచ్చుకుంటే పొంగిపోయాను.

స్వరూప డిగ్రీలో చేరినప్పుడు దాన్ని తీసుకుని వకీలమ్మకు మిఠాయి ఇవ్వడానికి వెళ్లాను. అప్పటికి ఆమె జుట్టు బాగా నెరిసింది. ఈసారి స్వరూపను కూడా అడిగింది, ఉప్పా చక్కెరా అని.

"మీ ఇష్టం మేడమ్."

వకీలమ్మ చేయి ఆగిపోయింది. స్వరూప పెరట్లోకి వెళ్లాక మెల్లగా అంది: "ఎందరు ఆడోళ్లతోని నోరిప్పిచ్చిన. ఈ పిల్లకు మాత్రం నేనే చక్కెర కలిపిన. జడ్జి అడుగుతనన్నడు. నేనే వద్దన్న."

"మీరు లేకుంటె నా బిడ్డ నాకు దక్కేదా అమ్మా?"

"నువ్వు నాకు సర్దిచెప్పకు" అంది.

ఆ తర్వాత ఆమె దగ్గరికి వచ్చిన తల్లుల కంటే ముందు పిల్లలకే ఆ ప్రశ్న పడేదట. అయినా ఆ దిగులు ఆమెను వదల్లేదని కలిసినప్పుడల్లా తెలిసేది. ఆమె పోయింది. ఆ దిగులు ఇప్పుడు నాది.

నిన్న నేను నిమ్మకాయ కోసింది ఇంటికొచ్చిన స్వరూప కోసమే. తనకూ జుట్టు నెరుస్తోంది. ఉప్పా చక్కెరా అంటే ఎప్పటిలాగే "నీ ఇష్టమమ్మా" అంది. నేను చెంచా పక్కన పెట్టి కూర్చున్నాను. స్వరూప ఆ చెంచా వైపు చూసి నవ్వింది.

"ఉప్పే వెయ్యి. చక్కెర నాకు చిన్నప్పటిసంది పడది."

"మరి ఆ రోజు గ్లాసంత తాగినవు గద?"

"మీరిద్దరు నా దిక్కే చూస్తుంటిరి. వద్దంటె నువ్వు బాధపడుతవని."

ఇన్నేళ్లుగా అడగని మాట అప్పుడు అడిగాను. "జడ్జి అడిగుంటె ఏం చెప్పేదానివి బిడ్డా?"

"నాయనమ్మ దగ్గర ఉంటననేదాన్ని" అంది. అని, ఉప్పు డబ్బా నా వైపు జరిపింది.