దేవుడి బియ్యం మోసిన చీమలు

చీమతోనూ పాఠం చెప్పించే దేవునికి స్తోత్రం! ఈ ఉదయం బియ్యం డబ్బా మీద చీమల బారు చూడగానే వాట్‌గంజ్‌లో నా చిన్నప్పుడు మేమున్న పాత ఇల్లు గుర్తొచ్చింది.

వంట చేసే ప్రతిసారీ మామ్మ చర్చి కోసం పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేసేది. ఒకరోజు దానికి చీమలు పట్టాయి. మామ్మ చీపురు ఎత్తగానే అడ్డుపడ్డాను.

“ఏటే, ఏటైంది నీకు?”

“కొట్టకు మామ్మా! దేవుడి బియ్యం అవే చర్చికి మోసుకెళ్తున్నాయి. దారిలో ఒక్కటీ తినట్లేదు చూడు!”

మామ్మ పకపకా నవ్వింది. “అయితే నీకన్నా నయమే! మొన్న పాస్టరుగారికి పంపిన రసగుల్లాలు దారిలోనే అయిపోయాయి.” చీపురు మాత్రం పక్కన పెట్టేసింది.

అవి వెళ్లింది గోడ పగుల్లోకని తర్వాత తెలిసింది. అయినా ఇవాళ పిడికెడు తీసి పెట్టి, చీమల్ని మెల్లగా ఊదాను.

నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఇతరుల కోసం మా చేతికిచ్చినది దారిలో తగ్గకుండా చేర్చనివ్వు. ఆమేన్.