ఒరోజ్ అన్న పెట్టిన రెండు సంతకాలు

ఒరోజ్ అన్న ఒంటికి బయల్దేరితే మేం పొయ్యి వెలిగించి టీ కాచుకుని, తాగి, గ్లాసులు తుడిచి, రెండోసారి కాచుకునేవాళ్ళం. అంత దూరం పోయేవాడు. మాలాంటి లారీవాళ్ళు బండి దిగి వెనక చక్రం పక్కన నిలబడి కానిచ్చేస్తారు. ఆయన మాత్రం రోడ్డు దాటి, కాలవ దాటి, మంచులో మోకాళ్ళ దాకా దిగబడుతూ, బండి చుక్కంత అయ్యేదాకా నడిచేవాడు. ఒకసారి అలా నడుస్తూ నడుస్తూ కజకిస్తాన్‌లో తేలాడని, అక్కడ పని కానిచ్చుకుని పాస్‌పోర్టు మీద ముద్ర లేకుండానే తిరిగొచ్చాడని ఒక కథ పుట్టించాను. సరిహద్దుకి ఇటు త్రోయిత్స్క్ నుంచి అటు కజకిస్తాన్‌లో కోస్తనాయ్ దాకా ఏ లారీ అడ్డాలో అడిగినా ఆ కథ చెప్తారు. నాకు ఎనిమిదో తరగతితోనే బడి సరి. అయినా ఈ రోడ్డు మీద పుట్టిన కథల్లో ముప్పాతిక వంతు నావే.

"సిగ్గెందుకన్నా? ఇక్కడ చూసేదెవరు, కాకులా?" అనేవాణ్ణి.

"కాకులకీ కళ్ళుంటాయి రా, రిఫ్కత్," అనేవాడు. కోపం రాదు ఆయనకి. నడక ఆపడు కూడా.

ఆయన పుట్టింది కిర్గిజ్ కొండల్లో, నారిన్ అవతల. వాళ్ళ నాన్న ట్రాక్టరు తోలేవాడు. ముప్పై అయిదేళ్ళ వయసులో ఇటు రష్యాకొచ్చి రైఖాన్ వదినని చేసుకుని త్రోయిత్స్క్‌లో స్థిరపడ్డాడు. వదిన పుట్టింది ఇక్కడే, ఆమెది రష్యా పాస్‌పోర్టు. అన్నది మాత్రం పుట్టిన దేశం ఇచ్చిన నీలం పాస్‌పోర్టే, దాంతోపాటు ఇక్కడ ఉండొచ్చని ఇచ్చిన ఒక కాయితం. "ఈ ఏడు పౌరసత్వానికి పెట్టుకుంటా" అని ఇరవై రెండేళ్ళు అన్నాడు. ఆఫీసులో వరస కట్టే రోజే ఏదో లోడు తగిలేది.

నాలుగేళ్ళ కిందట వదిన మూత్రపిండాలు రెండూ పోయాయి. అప్పట్నుంచీ సోమ, బుధ, శుక్రవారాలు ఊళ్ళో ఆసుపత్రిలో మిషను మీద పడుకోవాలి, నాలుగేసి గంటలు. ఆమెకి ఒంట్లోంచి చుక్క రాదు. ఒళ్ళంతా దురద పుట్టేది. పెరట్లో అన్న చెక్కతో కట్టిన ఆవిరిగది ఉంది. గురువారం గురువారం దాన్ని ఆయనే సన్నగా వేడిచేసేవాడు, ఎక్కువా కాదు తక్కువా కాదు. వదిన అందులో పావుగంట కూర్చుంటే ఆ రాత్రి నిద్ర పట్టేది. దూరం బేరాలన్నీ వదిలేసి కోస్తనాయ్ దాకా పోయొచ్చే చిన్న బేరం ఆయన అడిగి తీసుకున్నది ఆ గురువారం కోసమే. ఆవిరిగదికి ఒక్కటే తాళంచెవి. మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు.

మొదటి సంతకం అక్టోబరులో పడింది. లోడు తెచ్చుకోను చెల్యాబిన్స్క్ పోయే దారిలో మిట్టమధ్యాహ్నం బండి ఆపి, అలవాటు ప్రకారం బర్చ్ చెట్లలోకి నడిచాడు. నడిచి నడిచి ఆ తోపు అవతలి అంచున తేలాడు. అక్కడ ఊరివాళ్ళ తోట ఇళ్ళున్నాయి. ఒక ముసలమ్మ బంగాళాదుంపలు తవ్వుకుంటోంది. ఫోను తీసి పోలీసులని పిలిచింది. చక్రం పక్కన నిలబడి ఉంటే ఒక్క పురుగు కూడా చూసేది కాదు.

కేసు పేరు చిల్లర రౌడీతనం. నేను నవ్వి నవ్వి స్టీరింగు మీద పడిపోయాను. ఒరోజ్ అన్న రౌడీ! చీమని తొక్కితే వెనక్కి తిరిగి చూసే మనిషి. అయిదొందల రూబుళ్ళ జరిమానా, కింద "ఒప్పుకుంటున్నాను" అని రాసి సంతకం. మర్నాడే కట్టేశాడు. కట్టిన రసీదు మడిచి పాస్‌పోర్టు అట్టలో పెట్టుకున్నాడు.

తర్వాత ఆ మాట ఎత్తితే చాలు, ఆయన ముఖం కందగడ్డ అయ్యేది. నేను వదుల్తానా? అడ్డాలో కనపడ్డప్పుడల్లా "రౌడీ గారొచ్చారు, కుర్చీ వెయ్యండి!" అని అరిచేవాణ్ణి.

"ఈసారి చక్రం పక్కనే కానియ్యన్నా. దూరం పోబట్టే కదా దొరికావు," అని చెప్పింది కూడా నేనే.

మార్చిలో సరిహద్దు గేటుకి ఇటువైపు లారీల వరస పడింది. నాలుగు కిలోమీటర్లకి తక్కువ లేదు. ఆయన బండి ముందు, నాది వెనక. ముందురోజు మధ్యాహ్నం వచ్చి నిలబడ్డవాళ్ళం, తెల్లారి పదయినా అక్కడే. ఉన్న ఒక్క మరుగుదొడ్డి గొట్టాలు గడ్డకట్టి తాళం వేశారు. వరస వదిలి పోతే నీ చోటు పోయినట్టే. అందరం కేబిన్లో అయిదు లీటర్ల ఖాళీ సీసా పెట్టుకుంటాం. అన్న సీసా ఆ పొద్దుటికే నిండింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పైగా రక్తపోటుకి వేసుకునే బిళ్ళ ఒంటికి పరుగెత్తిస్తుంది. ఆయన అటూ ఇటూ చూశాడు. ఎటు చూసినా బల్లపరుపు మైదానం, కనుచూపు మేర చెట్టు లేదు.

"రా అన్నా," అని పిలిచాను. ఇద్దరం ఆయన బండి వెనక చక్రం పక్కన నిలబడ్డాం. నాది గుర్రం లెక్క, అరనిమిషంలో అయిపోయింది. పోయి కేబినెక్కి కూర్చున్నాను. ఆయనకి ఆలస్యం. వణుక్కుంటూ, కళ్ళు మూసుకుని, చుక్క చుక్క.

అప్పుడొచ్చాడు లెఫ్టినెంటు. మీసాలు సరిగ్గా రాని కుర్రాడు, ముక్కు చలికి దానిమ్మ గింజలా ఉంది. మంచు మీద పచ్చటి మడుగులు రెండు. చక్రం దగ్గర నిలబడ్డది ఒక్కరు.

నేను దిగొచ్చాను. "సారూ, దీనికి కేసేమిటి? మీ గేటు దగ్గర దొడ్డి మూసేసిందెవరు?" అన్నాను.

"దొడ్డి నా పని కాదు. కాయితాలు నా పని," అన్నాడు కుర్రాడు, పెన్ను గీరుతూ. సిరా గడ్డకట్టి రాలేదు. నోటి ఆవిరితో వెచ్చచేసుకుని రాశాడు. రాశాక కాయితం అన్న చేతికిచ్చాడు. "ఒప్పుకుంటే ఇక్కడ సంతకం. ఒప్పుకోకపోతే స్టేషనుకి రండి, మాట్లాడదాం. వరసలో మీ చోటు సంగతి నాకు తెలీదు."

ఆ రోజు బుధవారం. మర్నాడు గురువారం.

అన్న పెన్ను పట్టుకుని నా వంక చూశాడు. "ఒరేయ్ రిఫ్కత్, అక్టోబరుదొకటి ఉంది కదరా. ఇది రెండోది. రెండోదానికి వేరే ఏమన్నా ఉంటుందంటావా?"

కాయితం వెనక ఏం రాసుందో ఆయన తిరగేసి చూస్తే బావుణ్ణు. ఎవరికన్నా ఫోను చేస్తే బావుణ్ణు. నన్నే అడిగాడు. నేనేమో ఈ రోడ్డు మీద నాకు తెలియనిది లేదని పదేళ్ళుగా చాటుతున్నవాణ్ణి.

"రెండా! నేను ఏడు పెట్టాను అన్నా, ఏడు," అన్నాను. "ఉఫా బయట ఒకటి, సమారాలో మేయరు కిటికీ కింద ఒకటి. మా ఇంట్లో గోడకి అంటించాను అవన్నీ. నా జుట్టు ఒక్కటి ఊడిందా? పెట్టెయ్, టీ చల్లారిపోతోంది."

లెఫ్టినెంటు కూడా నవ్వాడు.

అన్న నవ్వి, తేలికపడి, గుండ్రటి అక్షరాల్లో "ఒప్పుకుంటున్నాను" అని రాశాడు.

నేను జన్మలో ఒక్కటి కూడా పెట్టలేదు. ఎవడూ నన్ను పట్టుకోలేదు, పట్టుకున్నా నా జేబులో ఉన్నది రష్యా ఎర్ర పాస్‌పోర్టు. ఏడు పెట్టినా నాకు పోయేది డబ్బే. పరాయి పాస్‌పోర్టువాడు ఒక్క ఏడాదిలో అలాంటివి రెండు పెడితే, ఉండొచ్చన్న కాయితం రద్దవుతుంది, మూడేళ్ళు గేటు మూసుకుంటుంది. ఆ సంగతి జూన్‌లో తెలిసింది.

జూన్‌లో ఒక మంగళవారం ఆయన కోస్తనాయ్‌లో పిండి బస్తాలెక్కించుకుని తిరిగొచ్చాడు. గేటు దగ్గర కిటికీలో అమ్మాయి పాస్‌పోర్టు తీసుకుని కంప్యూటరు చూసి, మళ్ళీ పాస్‌పోర్టు చూసి, "మీకు ప్రవేశం లేదు" అంది. ఆయన వినపడలేదనుకుని ఇంకా వంగాడట. "ఇల్లు అక్కడ ఉందమ్మా. అదిగో, గంట దూరం," అని చేత్తో చూపించాడట. ముతక కాయితం ఒకటి ఇచ్చి వెనక్కి పంపారు. కంపెనీవాళ్ళు ఇంకో డ్రైవర్ని పంపి బండీ, పిండీ తెప్పించుకున్నారు. మనిషి అవతలే ఉండిపోయాడు.

గేటుకి అటువైపు లారీలు ఆగే చోట ఒక టైర్ల షెడ్డుంది. అందులో పంక్చర్ల పనికి కుదిరి, వెనక ఇనపపెట్టెలాంటి గదిలో పడుకునేవాడు. వారానికోసారి నేను అటు పోయినప్పుడు వదిన పంపిన వేయించిన పిండి ఉండలూ, ఎండబెట్టిన ఉప్పు పెరుగు బిళ్ళలూ ఇచ్చేవాణ్ణి. "తాళంచెవి ఇవ్వన్నా, నేనే వేడిచేస్తా గది," అన్నాను మొదటిసారే.

"వద్దులేరా. వచ్చే గురువారానికి నేనే వస్తాగా. ఏడు పెట్టినవాడివి నువ్వే తిరుగుతుంటే రెండు పెట్టినవాణ్ణి నన్నెందుకు ఆపుతారు? ఎక్కడో పేరు తప్పు పడింది. దిద్దుతారు," అన్నాడు.

నేను నోరు తెరిచాను. బయటికొచ్చింది, "అవునన్నా, దిద్దుతారు" అని.

తాళం పగలగొడదామంటే వదిన ఒప్పుకోలేదు. "పగలగొడితే ఆయన ఇక రాడన్నట్టు ఉంటుంది రిఫ్కత్. ఉండనీ," అని బేసిన్లో నీళ్ళు పెట్టుకుని తుడుచుకునేది. చేతులు గోకి గోకి పుళ్ళు పడ్డాయి. నేను ఊళ్ళో ఉన్న రోజుల్లో ఆమెని మిషను దగ్గరికి దింపేవాణ్ణి. లేని రోజుల్లో బస్సు.

సెప్టెంబరులో కోర్టు, అన్నని మళ్ళీ రానివ్వమని. భార్య ఈ దేశం మనిషి, జబ్బు మనిషి, కనికరించండని లాయరమ్మ రాసింది. నన్ను సాక్షిగా పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. "అమ్మా, ఆ మంచు మీద మడుగులు రెండు. ఒకటి నాది. నాకూ వెయ్యండి శిక్ష," అన్నాను.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసింది. "అది వేరే కేసు. ఆయన సంతకం బలవంతాన పెట్టించారా?"

"లేదు. నేను పెట్టమన్నాను. నేను ఏడు పెట్టానని చెప్పాను."

"పెట్టారా?"

గదిలో ముందు బల్ల మీద రైఖాన్ వదిన ఉంది. మిషను సూదుల గుర్తులు కనపడకుండా పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది.

"లేదు," అన్నాను. "ఒక్కటీ లేదు."

జడ్జిగారు అది రాసుకోలేదు. కాయితాల్లో ఉన్నవి అన్న సంతకాలు రెండు, "ఒప్పుకుంటున్నాను" అన్న మాట రెండుసార్లు. అర్జీ కొట్టేశారు.

మెట్లు దిగేటప్పుడు వదినకి చెయ్యిచ్చాను. పట్టుకోలేదు, కమ్మీ పట్టుకుని దిగింది. కింద ఆగి, "ఆయనకి చెప్పకు," అంది. "నువ్వు చెప్పిన ఆ ఏడు పట్టుకునే అక్కడ తింటున్నాడు, పడుకుంటున్నాడు." అంతకన్నా తిడితే బావుండేది.

కోర్టు సంగతి అన్నకి నేనే మోసుకెళ్ళాను. "వాయిదా పడింది," అని చెప్పాను. కోతలు కొయ్యడం నాకు కొత్త కాదు. 

నవంబరులో పోతే, ఆయన చేతులు తుడుచుకుని లోపల్నుంచి కాయితాలు తెచ్చాడు. రెండు పక్కలా గుండ్రటి అక్షరాలు. పై అధికారులకి ఉత్తరం. తన మిత్రుడు రిఫ్కత్ ఇలాంటి సంతకాలు ఏడు పెట్టాడనీ, అతనికి ఏ ఇబ్బందీ రాలేదనీ, కాబట్టి తన విషయంలో కంప్యూటరు పొరపాటు పడిందనీ రాశాడు. నా ఇంటి చిరునామా వేశాడు. గోడకి అంటించి ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చని కూడా రాశాడు.

"నువ్వే తీసుకెళ్ళి ఇవ్వాలిరా. తపాలాలో పడేస్తే నెలలు పడుతుంది. ఈ గురువారానికి కాకపోయినా పై గురువారానికన్నా..."

ఉత్తరం నా చేతిలో ఉంది. జాక్ మీద ఏదో లారీ చక్రం గాలి వదుల్తోంది.

"అన్నా, నేను ఏడు పెట్టలేదు."

"మరి ఎన్ని?" అన్నాడు. ఆరో అయిదో అంటాననుకున్నాడు పాపం.

"ఒక్కటీ లేదు. ఆ రోజు ఊరికే అన్నాను. కోర్టు కూడా అయిపోయింది. కొట్టేశారు."

కొడతాడేమోనని చూశాను. కొడితే బావుండుననీ చూశాను. ఆయన ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, మడతలు సరిచేసి, పాత రసీదు పక్కన పాస్‌పోర్టు అట్టలో పెట్టాడు. "అయితే పొరపాటేం లేదన్నమాట," అన్నాడు.

"అన్నా..."

"ఉండరా. ఒంటికెళ్ళొస్తా."

షెడ్డు దాటి, రోడ్డు దాటి, మైదానంలోకి నడిచాడు. చుక్కంత అయ్యేదాకా నడిచాడు. టీ కాచాను. చల్లారింది. మళ్ళీ కాచాను. తిరిగొచ్చేసరికి బూట్ల నిండా మంచు. మొలతాడు విప్పి, ముడి వేళ్ళకి రాకపోతే పళ్ళతో లాగి, తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టాడు.

"సన్నగా వెయ్యి మంట. ఆమె గుండె ఎక్కువ వేడి తట్టుకోదు. బర్చ్ కట్టెలు గోడ వారన ఉన్నాయి, ఎండినవి." మొలతాడు మళ్ళీ కట్టుకుంటూ, "కొండల్లో మా తమ్ముడున్నాడు. అక్కడికి పోతానని చెప్పు," అన్నాడు.

గురువారం తాళం తీశాను. సన్నగానే వేశాను మంట, ఆయన చెప్పినట్టే. గంటలో గది పదునుగా వేడెక్కింది. వదిన పెరట్లోకి వచ్చి, తలుపుకి వేలాడుతున్న తాళంచెవిని చూసింది. "తిన్నాడా?" అని అడిగింది.

"తిన్నాడు వదినా."

తలూపింది. మెట్టు మీద కూర్చుని చేతులు గోక్కుంటూ ఉండిపోయింది. ఎంత పిలిచినా లోపలికి వెళ్ళలేదు. కట్టెలు అయిపోయేదాకా నేను మంట వేస్తూనే ఉన్నాను.