వెనక్కి రాని తప్పు

ఆదివారం సంత అనగానే యమీలేకి దోన్ అనీబాల్ మాస్టారే గుర్తొస్తారు. ఆయన పగలంతా సలమీనా కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పి, సాయంత్రాలు సహకార సంఘంలో రైతుల కాఫీ రుచి చూసేవారు. చెంచాడు జుర్రుమని పీల్చి, కళ్లు మూసుకుని, ఉమ్మేసి, కొనాలో వద్దో తేల్చేవారు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంఘం వద్దన్న గింజలతోనే కాఫీ కాచి అమ్మే ఒటీలియా బండి దగ్గరికి వెళ్లేవారు. శిష్యురాలు యమీలే వెంట ఉండేది.

“మీరు ఛీ కొట్టిందే మా దగ్గర తాగుతారేం మాస్టారూ? ఇంట్లో కాఫీ పెట్టేవాళ్లు లేరా?” అని ఒటీలియా దెప్పేది.

“బెల్లం వెయ్యకుండా పొయ్యమ్మా,” అని, ఆయన యమీలే వైపు తిరిగేవారు. “చెడ్డ సరుకు మంచిదని కొన్నామనుకో, పై వ్యాపారి తిట్టి తిప్పి పంపుతాడు. మంచి సరుకుని చెడ్డదని పొమ్మంటే? ఆ తప్పు వెనక్కి రాదు పిల్లా. మనమే వెతుక్కోవాలి.”

“సరుకుని ఇంకాస్త కఠినంగా ఏరితే సరిపోదా మాస్టారూ?”

“అప్పుడు చెడ్డది కొనే తప్పు తగ్గి, మంచిదాన్ని పొమ్మనే తప్పు పెరుగుతుంది.”

ఒక ఆదివారం గుక్క నోట్లో పడగానే ఆయన టోపీ తీసేశారు. “ఎవరివమ్మా ఈ గింజలు?”

“లోయలో అర్సేసియోవి. మీరు వద్దన్నారని తోట కొట్టేస్తానంటున్నాడు, పాపం.”

మాస్టారు ఎండలో లోయలోకి దాదాపు పరుగెత్తారు. అప్పటికే సగం తోట నేలమీద ఉంది. మిగిలిన సగం ముందు నిలబడి, తప్పు తనదేనని అర్సేసియోకి చెప్పారు.

ఇప్పుడు సంఘంలో ఆ చెంచా యమీలే చేతిలో ఉంది. ఆదివారం ఒటీలియా బండి దగ్గర బెల్లం వద్దని చెప్పి, కప్పు పెదవులకి ఆనించే ముందు ఆమె ప్రతిసారీ మనసులో మొక్కుకుంటుంది, ఈ కాఫీ బాగుండకూడదని.