రాజుగారి కాళ్ళు తెర బయట

1946 జూన్‌లో నన్ను బళేపేటలోని ఒక సాయంకాల విద్యాలయంలో నాటకకళ, రంగ నిర్వహణ శాఖకు డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. తాత్కాలిక నియామకం. ఏడాది పనితీరు చూసి కమిటీ ఖాయం చేస్తుందని ఆర్డరులో రాసి ఉంది. అంతకు ముందు పన్నెండేళ్ళు ఒక నాటకాల కంపెనీలో తెరల పని చూశాను. అడవులనూ అంతఃపురాలనూ చుట్టలు చుట్టించి రైళ్ళలోకి ఎక్కిస్తూ ఊరూరా తిరిగి విసిగిపోయి, ఇన్నాళ్ళకు ఒకచోట కూర్చునే ఉద్యోగం దొరికిందని సంబరపడ్డాను. కూర్చోవడమన్నది పేరుకే. అక్కడ లెక్చరరుకు చేతుల కుర్చీ, డిమాన్‌స్ట్రేటరుకు వీపు లేని స్టూలు. నా స్టూలుకు ఒక కాలు పొట్టి.

విద్యాలయం పేరు చెప్పను. పగలంతా కొట్లలోనూ మగ్గాల మీదా పనిచేసేవాళ్ళు సాయంత్రాలు వచ్చి చదువుకోవడానికి పేట వర్తకులు కలిసి పెట్టిన సంస్థ. టైపు, కుట్టుపని, ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం నేర్పేవారు. ఆ ఏడు నాటకం చేర్చారు. ఎందుకంటారా? కమిటీ కార్యదర్శి ముకుందయ్యగారికి నాటకాల పిచ్చి, అంతే. మేకుల నుంచి గేటు తాళాల దాకా అమ్మే పెద్ద ఇనుప సామాన్ల కొట్టు ఆయనది. గొంతు మంచిదే, కాదనను. ఆ సంగతి ఆయనకు తెలిసిపోవడమే మా ప్రాణం మీదికి వచ్చింది.

ప్రిన్సిపాలు శేషాచలంగారు పెద్ద చదువు చదివినవారు. నాటకాన్ని ముందు వరుసలో కూర్చుని చూడటమే తప్ప తెర వెనక్కి ఏనాడూ అడుగుపెట్టలేదు. పాఠ్య ప్రణాళికను ఏదో ఇంగ్లీషు సీమ పుస్తకం ముందు పెట్టుకుని దింపేశారు. అందులో తిరిగే రంగస్థలం గురించి నాలుగు పాఠాలున్నాయి. మా రంగస్థలం టైపు క్లాసు బల్లలు ఎనిమిది జతచేస్తే ఏర్పడేది. అది తిరగదు, ఊగుతుంది. రంగం మీద మంచు కురిపించే విధానానికి పది మార్కులు. ఉప్పునీళ్ళ తొట్టిలో లోహపు పలకను పైకీ కిందికీ ఆడించి దీపాల వెలుగు తగ్గించే పద్ధతికి ఇంకో పది. ఆ తొట్టి కొనమని అడిగితే, బోర్డు మీద బొమ్మ వేసి చూపించండి చాలునన్నారు. ఏడాది పొడుగునా సుద్దముక్కతోనే వెలుగు తగ్గించాను.

విద్యార్థులు పధ్నాలుగు మంది. పదముగ్గురు వేషం కడదామని చేరినవాళ్ళు. తెర వెనక పని కూడా నేర్చుకోవాలని చెప్పగానే ముఖాలు వేలాడేశారు. పధ్నాలుగో మనిషి సంజీవమ్మ. వయసు ముప్ఫై దాటింది. ఆనేకల్ దగ్గర నేతపనివాళ్ళ ఇంటి బిడ్డ. భర్త పోయాక బళేపేట వెనక సందులో అన్నగారింట్లో ఉంటూ, నాటకాల వాళ్ళకు దుస్తులు కుట్టేది. వేషం కట్టాలనే ఆశ లేనిది ఆమె ఒక్కతే.

ఆమెకు కావలసింది సర్టిఫికెట్టు. ఊళ్ళో ఒక బాలికల పాఠశాలలో కుట్టుపని చెప్పి, పిల్లల చేత నాటకాలు వేయించే టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంది. అక్కడి పెద్ద టీచరమ్మ ఈమె పని చూసి మెచ్చుకుని, వేసవి సెలవుల్లోపు సర్టిఫికెట్టు తెస్తే ఉద్యోగం నీదే, ఆవరణలో ఉండటానికి గది కూడా ఇస్తామని మాటిచ్చింది. ఆ సంగతి నాకు చెబుతూ సంజీవమ్మ అన్న మాట ఇది: "మా వదిన మంచిదే సార్. అయితే ఒక్క గదిలో ఏడుగురం ఉండాము. ఈ కాగితం వస్తే, నేనే తీసుకోని నేనే వేసుకునే తలుపొకటి ఉంటాది."

నేను మనసు పెట్టి చెప్పిన పాఠం ఒక్కటే, తెర పాఠం. రంగ నిర్వాహకుడి దగ్గర నాటకం నకలు ఒకటి ఉంటుంది. ప్రతి పేజీకి ఎదురుగా తెల్లకాగితం కుట్టి, ఏ మాటకు దీపం మారాలో, ఏ మాటకు గంట కొట్టి తెర దించాలో ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెడతారు. నాటకం మొదలయ్యాక ఆ నకలే శాసనం. గంట కొట్టే అధికారం నిర్వాహకుడిది, అది విని తాడు వదిలే పని తాడు మనుషులది. మధ్యలో యజమాని వచ్చి చెప్పినా గుర్తు లేనిదే తెర కదలకూడదు. కదిలిందా, ఎవరు కదిలించారో రిపోర్టు పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయాలి. ఇదంతా పొట్టి కాలు స్టూలు మీద నిలబడి మరీ చెప్పాను.

చెప్పనిది ఒకటుంది. మన నాటకాల్లో పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు. నటుడు ఏ స్థితిలో ఉన్నా మళ్ళీ పాడాలి. చచ్చినవాడు లేచి, పాడి, తిరిగి చావడం నేను ఎన్ని ఊళ్ళలో చూశానో! అందుకే కంపెనీలో తెర మనిషి ఒక చెయ్యి తాడు మీద వేసి, కళ్ళు యజమాని ముఖం మీద పెట్టుకుని, ఆయన సైగకు కాచుకుంటాడు. నకలు ఎవడికి కావాలి? పన్నెండేళ్ళు నేను చేసింది ఆ పనే. సీమ పుస్తకంలో వన్స్‌మోర్ లేదు కాబట్టి క్లాసులో దాని ఊసే ఎత్తలేదు. ఎత్తితే నా చదువు తక్కువని ప్రిన్సిపాలుగారు అనుకుంటారని భయం.

1947 ఏప్రిల్‌లో ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నాటకం వేసి, మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు ఒక్కొక్కరూ ఒక్కొక్క బాధ్యత చేసి చూపాలి. రంగ నిర్వహణ సంజీవమ్మకు వచ్చింది. నాటకం ముకుందయ్యగారు స్వయంగా రాసినది. అందులో రాజు వేషం ఎవరు కట్టారని వేరే చెప్పాలా? యుద్ధంలో గాయపడిన రాజు చివరి అంకంలో చనిపోతాడు. తొమ్మిది పద్యాలు పాడితే గానీ ఆయన ప్రాణం పోదు.

మూడుసార్లు గంట కొట్టి, చెప్పిన నిమిషానికి సంజీవమ్మ తెర ఎత్తించింది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. దీపం మారవలసిన చోట మారింది. చంద్రుడు రావలసిన మాటకే వచ్చాడు. మా చంద్రుడికి అది కొత్త. ఆమె గొంతు పెంచకుండా, నకలు మీద వేలు జరుపుకుంటూ, చెయ్యి ఎత్తి సిద్ధమనీ దించి కానివ్వమనీ సైగలు చేస్తుంటే, కంపెనీ రోజుల్లో కూడా ఇంత నికరమైన పని చూడలేదే అనిపించింది. నిజంగా గర్వపడ్డాను. నేను నేర్పినదే కదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

చివరి అంకం వచ్చింది. ముందు రెండు వరుసల్లో కూర్చున్నదంతా ముకుందయ్యగారి కొట్టు సిబ్బందే. ఏ పద్యానికి అరవాలో ముందే చెప్పి తెచ్చిన జనం. రాజు తొమ్మిదో పద్యం పాడి తల వాల్చగానే వన్స్‌మోర్ అన్నారు. గంట కొట్టే సందివ్వకుండా రాజు లేచి పాడాడు, చచ్చాడు. మళ్ళీ అన్నారు. మళ్ళీ లేచాడు. లేచిన ప్రతిసారీ జనానికి మరింత కనబడాలని ఒకడుగు ముందుకు వచ్చి చచ్చాడు. మూడోసారి తల వాల్చేసరికి సిబ్బంది మూడో కేకకు గుక్క తిప్పుకుంటున్నారు. నకల్లో "తల వాల్చును" అన్న మాట దగ్గర ఎర్ర గుర్తు ఉంది. సంజీవమ్మ గంట కొట్టింది.

చుట్ట తెర సర్రున దిగింది. రాజుగారి శరీరం లోపల, జరీ జోళ్ళతో సహా రెండు కాళ్ళు బయట. ఆ కాళ్ళు కాసేపు ఆలోచించి, ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా తెర కిందికి దూరాయి. అప్పుడు చూడాలి నవ్వులు! పరీక్షకుడు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

రాజు రుసరుసలాడుతూ మా పక్కకు వచ్చాడు. "తెర ఎత్తమ్మా! జనం అరస్తా ఉండేది వినపడలేదా?"

"మీరు చనిపోయినారు సార్" అంది సంజీవమ్మ.

"నేను చచ్చినానో లేదో నాకు తెలీదా?"

"నకల్లో తల వాల్చినాక తెరే ఉండాది సార్. మీరు మూడుసార్లు వాల్చినారు. నేను ఒకసారే దించినాను." వెటకారం కాదు. లెక్క చెప్పింది. మాట పూర్తి చేసి, రంగం ఖాళీ చేయమని తన మనుషులకు సైగ చేసింది. తెర పడగానే ఖాళీ చేయించాలన్నది కూడా నా పాఠమే.

ముకుందయ్యగారు నావైపు తిరిగారు. "ఏమప్పా, సుమ్నె చూస్తా నిలబడుకోనుండావే? నిన్ను ఖాయం చేసే కాగితం ఎవరి బల్ల మీద ఉండాది?"

వెళ్ళి, తాడు మనిషిని పక్కకు తోసి, నా చేత్తో నేనే తెర లాగాను. పన్నెండేళ్ళ అలవాటు, ఎంత సాఫీగా లేచిందో! లోపల ఇద్దరు మనుషులు సింహాసనాన్ని తలకిందులుగా మోసుకుపోతున్నారు. రాజుగారు జుట్టు టోపా ఒక చేత్తో పట్టుకుని, ఒక మోకాలు నేలకు ఆనించి, నాలుగోసారి చావడానికి అనువైన చోటు చూసుకుంటున్నారు. ఆ రోజు హాలు దద్దరిల్లింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ముందు రెండు వరుసలవాళ్ళు. మర్నాడు కొట్లో వాళ్ళ గతి ఏమయిందో నాకు తెలియదు.

ఆ వేళ సంజీవమ్మ రిపోర్టు పుస్తకంలో రాసింది నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చివరి తెర గుర్తు ప్రకారం పడినది. తరువాత తెర మరల లేచినది. నేను గంట కొట్టలేదు. తాడు లాగినది డిమాన్‌స్ట్రేటరు గారు." ఉన్నదున్నట్టు. గారు కూడా మరిచిపోలేదు.

పరీక్షకుడు ప్రిన్సిపాలు గదిలో అది చదివి, ఇది నిజమేనా అని నన్ను అడిగాడు. శేషాచలంగారు పైకప్పు దూలాలు చూస్తున్నారు. ముకుందయ్యగారు ముఖానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటూ నన్ను చూస్తున్నారు. సంజీవమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అవునండీ అని ఒక్క మాట చాలు, ఆమె పరీక్ష గట్టెక్కేది. నేను, "ఆ గందరగోళంలో తాడు ఎవరి చేతిలో ఉందో గమనించలేదండీ" అన్నాను.

అయితే తెర నిర్వాహకురాలి అదుపు తప్పింది, పైగా పై అధికారి మీద తప్పుడు రాత అని పరీక్షకుడు నిర్ణయించాడు. నిబంధనల ప్రకారం రెండింటిలో ఏ ఒక్కటి చాలు, ఫెయిలు చేయడానికి.

మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది. ఏడవలేదు. "సార్, మీరు చెప్పిన పాఠం తప్పా, నేను చేసింది తప్పా? ఒకటి చెప్పండి, పోతాను."

రెండూ తప్పు కాదమ్మా అన్నాను.

"అయితే తప్పు యాడుండాది సార్?"

నేను వంగి చెప్పుల కోసం వెతుక్కున్నాను. అవి కాళ్ళకే ఉన్నాయి. తల ఎత్తేసరికి ఆమె వీధిలోకి వెళ్ళిపోయింది.

ఫలితాలు నోటీసు బోర్డు మీద రాయడం డిమాన్‌స్ట్రేటరు విధుల్లో ఒకటి. పదముగ్గురు పాసయ్యారు. నాటకం జరుగుతున్నంతసేపూ అడవి తెర మీద పడుకుని నిద్రపోయినవాడు కూడా పాసే. పధ్నాలుగో పేరు పక్కన ఫెయిలు అన్న మాటను నా చేత్తోనే రాశాను. దస్తూరి బాగుందని ప్రిన్సిపాలుగారు మెచ్చుకున్నారు. బాలికల పాఠశాలవాళ్ళు సెలవుల్లోపు ఇంకెవరినో తీసుకున్నారు. సంజీవమ్మ తర్వాత ఏమయిందో తెలియదని రాయడం సులువు. నేను విచారించలేదన్నది నిజం. ఆమె ఉండే సందు నా గదికి అయిదు నిమిషాల నడక.

మే నెలలో కమిటీ నన్ను ఖాయం చేసింది. తర్వాత ఇరవై మూడేళ్ళు ఆ విద్యాలయంలోనే పనిచేసి, శాఖాధిపతిగా రిటైరయ్యాను. తెర పాఠం ప్రతి ఏడూ చెప్పాను, అదే ధీమాతో. ఈ వృత్తిలోకి రావాలనుకునేవారికి ఆ పరీక్ష గురించి చెప్పగలిగింది ఒక్కటే. నియమం నేర్పినవాడు అవసరమొచ్చినప్పుడు దానికి నిలబడకపోతే, దాని వెల నేర్చుకున్నవాళ్ళే చెల్లిస్తారు. చెల్లించింది సంజీవమ్మ. పెన్షను తీసుకుంటున్నది నేను.