లొడలొడ లేని డ్రమ్ము

మొదటే చెప్పేస్తున్నాను, ఇది ఒక ఆపరేషన్ కథ. ఆపరేషన్ దిగ్విజయంగా జరిగింది, రోగికి గొంతు మాత్రం పోయింది. చేయించిన మహానుభావురాలిని నేనే.

నాలుగేళ్ళ క్రితం మా చర్చిలో డ్రమ్ములు వాయించే అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పాటలప్పుడు కంజీర కొట్టడం నా పని. పాటల బృందాన్ని నడిపే శాంసన్ అన్న "ఎవరన్న వాయిస్తరా?" అని అడగ్గానే చెయ్యెత్తేశాను. ఇంట్లో పప్పు డబ్బాల మీద అంత సాధన చేశాను మరి!

"మన స్నేర్ డ్రమ్ము పగిలింది. సెకండ్ హ్యాండ్‌ల ఒకటి చూస్కొని రా. రేపు ఆరాధనల నువ్వే వాయించాలె. నన్ను గూడ రమ్మంటవా?"

"వద్దన్నా, మా బాపు ఉన్నడు గద!"

మా బాపు ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్. ఆయన శాస్త్రంలో సూత్రం ఒక్కటే: చప్పుడు వచ్చిందంటే ఎక్కడో నట్టు వదులైనట్టే. కుక్కర్ ఈల వేసినా అనుమానంగా చూసే మనిషి.

లాల్‌దర్వాజాలోని మా ఇంటి నుంచి ఇద్దరం స్కూటర్ మీద, గాజుల దుకాణాల వెనక సందులో పాత బ్యాండు సామాన్లు అమ్మే చాచా దగ్గరికి వెళ్ళాం. ఆయన ఒక డ్రమ్ము ముందు పెట్టాడు. పుల్లతో కొట్టాను.

"ఠప్... జర్ర్‌ర్!"

నేను బాపు మొహం చూశాను. బాపు నా మొహం చూశాడు. నిపుణుల మధ్య మాటలక్కర్లేదు.

రెండోది కొట్టాను, జర్ర్. మూడోది, జర్ర్‌ర్.

"చాచా, మూడింటికి అదే బీమారి!"

"అరే బేటీ, బీమారి కాదు. గదే దీని ఆవాజ్!"

బాపు నా చెవిలో గుసగుసలాడాడు. "పాత బండి అమ్మేటోడు గూడ గట్లనే అంటడు బిడ్డా, ఇంజను పాట పాడుతుందని."

మూడోదాన్ని బోర్లించి చూశాడు. అడుగున, చర్మానికి ఆనుకుని స్ప్రింగుల్లాంటి సన్నటి తీగలు వరసగా ఉన్నాయి. "దొరికింది దొంగ!" అన్నాడు.

"చాచా, ఈ తీగలు పీకెయ్," అన్నాను.

చాచా చేతిలో చాయ్ కప్పు గాల్లోనే ఆగింది. "సోచ్‌కే బోల్ బేటీ, మంచిగ ఆలోచించి చెప్పు."

"సోచుడు ఏం లేదు. పీకెయ్!"

ఆడలేక మద్దెల ఓడన్నదెవరో నాకు తెలియదు. వాయించకముందే మద్దెలను ఓడు చేయించినదాన్ని మాత్రం నేనే. చాచా నిట్టూర్చి తీగలు విప్పేశాడు. కొట్టాను. "డబ్." చద్దిమూట నేలమీద పడినంత మర్యాదగా పలికింది. బాపు మీసం దువ్వుకున్నాడు.

సాయంత్రం ప్రాక్టీసులో నాలుగు దెబ్బలు వేశానో లేదో, శాంసన్ అన్న గిటార్ ఆపేశాడు.

"ఏందమ్మా, పరుపు దులుపుతున్నవా? కింద తీగలేవి?"

"పీకిచ్చిన అన్నా," అన్నాను గర్వంగా. "జర్‌జర్ అని ఒకటే లొల్లి."

ఆయన పైకప్పు వైపు చూశాడు. ప్రార్థనో, ఫిర్యాదో తెలియదు. "ఆ తీగలుంటెనే స్నేర్ డ్రమ్మమ్మా! లేకుంటె వట్టి డబ్బా!"

గది గదంతా నవ్వింది. ఒక ఆంటీ జాలిగా, "రేపు కంజీరనే కొట్టు బిడ్డా," అంది. నవ్వులు తట్టుకున్నాను గానీ ఆ జాలి తట్టుకోలేకపోయాను. డ్రమ్ము ఎత్తుకుని, ఇంట్లో కునుకు తీస్తున్న బాపుని లేపుకుని మళ్ళీ సందుకి పరుగు.

చాచా సగం దించిన షట్టర్ పైకెత్తాడు. నేను నోరు తెరవకముందే కాగితంలో చుట్టి దాచిన తీగలు బయటికి తీశాడు.

"తెల్వకనే గంత గట్టిగ మాట్లాడితివి. తెలిస్తె ఎంత గట్టిగ వాయిస్తవో! కూసో, చూపిస్త."

తీగలు బిగించి, ఎంత బిగువు చాలో చేత్తో పట్టించి నేర్పాడు. బాపు తలవంచుకుని, "పైన నట్లు నేను బిగించనా భాయ్?" అన్నాడు. ఒకటి బిగించి, దాని ఎదుటిది బిగించి, అలా చుట్టూ వచ్చాడు. చాచా కొట్టి చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"వాహ్ మిస్త్రీ సాబ్! యాడ నేర్చుకున్నవ్?"

"బస్సు టైర్లకు," అన్నాడు బాపు సిగ్గుపడుతూ.

ఆదివారం మొదటి పాటలో రెండు దెబ్బలు తప్పాను. మూడో పాటకి జనం పాదాలు నాతో కలిశాయి. చివర్లో పాస్టర్ గారు మైకులో గట్టిగా "ఆమెన్!" అన్నారు. ఆ అదురుకి కింది తీగలు కదిలి, ఎవరూ ముట్టకుండానే నా డ్రమ్ము "జర్ర్‌ర్" అంది. నా ప్రాణం పోయింది. ముందు వరసలో ఒక ముసలామె వెనక్కి తిరిగి, "చూసిండ్రా, డ్రమ్ము గూడ ఆమెన్ అంటుంది!" అంది.

ఈ రోజుకీ ఆ డ్రమ్ము నా దగ్గరే పలుకుతోంది. కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ దుకాణంలోనైనా నోరు తెరిచేముందు, ఆ వస్తువు పాడైందో పాడుతోందో కనుక్కుంటాను.